రాజుగారి తుమ్ములు

వేగవరం రాజు విజయకుంజర భూపతికి శత్రువంటే భయం లేదు, పులంటే భయం లేదు. మామిడి పూత రోజులొస్తే మాత్రం ఆయన ముక్కు ఆయన మాట వినేది కాదు.

తుమ్మితే తుమ్మాడులే అని ఊరుకోవడానికి లేదు. రాజుగారి తుమ్ము అపశకునం. ఆయన ఒక్కసారి తుమ్మితే దండు కదిలించబోయే సేనాపతి గుర్రం దిగి మంచినీళ్లు తాగాలి. తీర్పు చదివే మంత్రి సగంలో ఆపి కూర్చోవాలి. రెండో తుమ్ము పడితే దోషం పోతుంది కాబట్టి సభంతా రాజుగారి ముక్కు వైపే చూసేది. రెండోది పడేది. హమ్మయ్య అనుకునేలోపు మూడోదీ పడేది. మళ్లీ అందరికీ మంచినీళ్లు.

ఒకరోజు రాజుకు ఓపిక నశించింది.

"ఈ తుమ్ములు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో పట్టుకోండి. తెచ్చిపెట్టినది మనిషైనా సరే, మానైనా సరే, నరికించేస్తాను" అన్నాడు.

వెంటనే సుగంధిభట్టు లేచాడు. రాజమందిరంలో ధూపాలు, తెరలు, తివాచీలు ఆయన అజమాయిషీలో ఉండేవి. తన ముక్కుకు తెలియని వాసన లోకంలో లేదని ఆయన గట్టి నమ్మకం.

"చెట్లే మహారాజా. వాటి పుప్పొడే తమ ముక్కుకు శత్రువు. అందుకే తమ పడకగది కిటికీలు రాత్రింబవళ్లు మూయించాను. రెండు వరసల పట్టుతెరలు కట్టించాను. నాలుగు మూలలా సాంబ్రాణి వేయిస్తున్నాను. ఇక ఊరి చుట్టూ ఉన్న మామిళ్లు, వేపలు, కానుగలు కొట్టించేస్తే పీడ విరగడైపోతుంది."

"కొట్టించెయ్యండి" అన్నాడు రాజు, తుమ్ముతూ.

గొడ్డళ్లకు సాన పట్టడం మొదలైంది. తోటల రైతులు కోట గుమ్మం ముందు చేరారు. వేపపువ్వు లేకపోతే ఉగాది పచ్చడి ఎలా చేసుకోవాలని ఆడవాళ్లు అడిగారు. లోపలికి వెళ్లి రాజుకు చెప్పే ధైర్యం మాత్రం ఎవరికీ లేకపోయింది.

కొలువులో బొప్పన అనే అతనికి రాజును నవ్వించడమే ఉద్యోగం. ఆ పూట అతనికే నవ్వు రాలేదు. గుమ్మం దగ్గర ఒక ముసలాయన, తాత నాటిన చెట్టని చెప్పుకుంటూ కళ్లు తుడుచుకోవడం చూసి వచ్చాడు. సభలోకి వస్తూనే భట్టుగారికి వంగి నమస్కారం పెట్టాడు.

"భట్టుగారు చెప్పింది నిజం ప్రభూ, పుప్పొడి పొల్లు మాట కాదు. కానీ దొంగను సొత్తుతో సహా పట్టుకుంటేనే కదా శిక్ష. తమరు ఎక్కువగా తుమ్మేది ఎక్కడ?"

రాజు ఆలోచించాడు. "పడకగదిలోనే."

"ఆ గదిలోకి ఒక్క రేణువు కూడా పోదు" అన్నాడు భట్టు.

"పోయిందే అనుకోండి. మోసుకెళ్లినదాన్ని ఏం చేద్దాం?"

"ముక్కలు చేయించాల్సిందే. ఎవరిదైనా సరే, ఎంత గొప్పదైనా సరే" అన్నాడు భట్టు మీసం దువ్వుకుంటూ.

రాజు తలూపాడు. అందరూ పడకగదికి బయల్దేరారు. గొడ్డళ్లవాళ్లనూ వెంట రమ్మన్నాడు బొప్పన.

గది నిండా పొగ. ముందు నడిచిన మంత్రి మంచం కోడు తగిలి కుంటుతూ నిలబడ్డాడు. బొప్పన నేలమీద ఒక నల్ల గొంగళి పరిచి, మంచం తలవైపు పెట్టిన రాజుగారి పట్టు తలపాగాను రెండు చేతులా భక్తితో తీసుకున్నాడు. దాన్ని గొంగళి మీద నాలుగు దులుపులు దులిపాడు.

నల్ల గొంగళి పసుపు చల్లినట్టయింది. రాజు ఒకటి తుమ్మాడు. మంత్రి రెండు తుమ్మాడు.

"ప్రభూ, తమరు రోజూ పొద్దున్నే మామిడితోపుల్లో గుర్రం మీద తిరిగి వస్తారు. తలపాగా తీసి దిండు పక్కన పెట్టి కాసేపు నడుం వాలుస్తారు. చెట్లు పుట్టిన చోటే నిలబడి ఉన్నాయి. గడప దాటి లోపలికి వచ్చింది ఇదిగో, ఇది."

తర్వాత పట్టుతెర మీద ఒక్క దెబ్బ వేశాడు. ఏళ్లనాటి దుమ్ము బుస్సున లేచింది. భట్టు ముక్కు గట్టిగా పట్టుకున్నాడు. బుగ్గలు ఉబ్బాయి, కళ్లు ఎర్రబడ్డాయి, మీసం వణికింది. చివరికి ఆయన తుమ్మిన తుమ్ముకు సాంబ్రాణి బూడిద లేచి ఆయన ముఖానికే అంటుకుంది.

బొప్పన తలపాగాను గొడ్డళ్లవాళ్ల ముందు పెట్టాడు.

"భట్టుగారూ, శిక్ష మీరే చెప్పారు. ముక్కలు చేయించమంటారా?"

రాజుగారి తలపాగా మీద గొడ్డలి వేయమనడం అంటే తన తల తానే ఇచ్చుకోవడం. భట్టు గొడ్డళ్లకు అడ్డంగా చేతులు చాపాడు.

"వద్దు... వద్దు. పాపం, దానికేం తెలుసు? దులిపి, గుమ్మం బయటే పెడితే సరిపోతుంది కదా."

బొప్పన మెల్లగా అన్నాడు:

"మోసుకొచ్చినదానికి దులుపుడు, మోసుకురానిదానికి నరుకుడా భట్టుగారూ?"

రాజు ముందు భట్టు ముఖం వైపు చూశాడు, తర్వాత గొంగళి వైపు చూశాడు. పొట్ట పట్టుకుని నవ్వుతూ మంచం మీద కూలబడ్డాడు. ఆయన కూలబడ్డ చోట పరుపులోంచి ఇంకో దుమ్ముమేఘం లేచింది. దాంతో మంత్రీ, సేనాపతీ, చివరికి గొడ్డళ్లవాళ్లూ నవ్వుతూ తుమ్మారు, తుమ్ముతూ నవ్వారు. ఎవరి తుమ్ము ఎన్నోదో లెక్కపెట్టి శకునం చూసే నాథుడే లేకపోయాడు.

"చెట్ల జోలికి ఎవరూ వెళ్లొద్దు" అన్నాడు రాజు కళ్లు తుడుచుకుంటూ. "సాంబ్రాణి ఆర్పండి. తివాచీలు, పరుపులు ఎండలో వేసి, గది తడిగుడ్డతో తుడిపించండి. పొద్దుటి గాలి తోపుల మీంచి వీచేటప్పుడు కిటికీలు మూయండి, గాలి మళ్లాక తెరవండి. తోటకు వెళ్లొస్తే స్నానం చేశాకే నేను మంచమెక్కుతాను. ఈ దులుపుళ్లన్నీ భట్టుగారు దగ్గరుండి చేయిస్తారు."

భట్టు బూడిద ముఖంతోనే తలూపాడు.

రాజు తన భుజం మీది జరీ శాలువా తీసి బొప్పనకు కప్పబోయాడు. బొప్పన చేతులు కట్టుకుని రెండడుగులు వెనక్కి వేశాడు.

"మహాప్రసాదం ప్రభూ. ఒక్కసారి ఉతికించి ఇప్పించండి."