మడ అడవిలో మూడు పాయలు

రండర్రా, పలకలు పక్కన పెట్టి దగ్గరికి జరిగి కూర్చోండి. వెనకవాళ్ళు కూడా ముందుకు రండి, ఇవాళ నా గొంతు బొంగురుగా ఉంది.

అనగనగా ఒక మడ అడవిలో, ఏరు సముద్రంలో కలిసేచోట, ఒక కప్ప ఉండేది. ఒకనాడు పోటు నీటితో పాటు ఒక సొరచేప అక్కడి మడుగులోకి వచ్చింది. వచ్చింది వేటకే. గట్టున కప్ప కనబడేసరికి మాటల్లో పడింది.

తనకు వరసలు వరసలుగా పళ్ళున్నాయని, ఒకటి ఊడితే వెనకది ముందుకొస్తుందని గొప్పలు చెప్పుకుంది. కప్పకు నమలడానికి ఒక్క పన్నూ లేదని నవ్వింది. కప్ప ఊరుకుంటుందా? తాను చర్మంతో కూడా గాలి పీలుస్తానని, నేలమీదా బతకగలనని అంది.

"ఒరే, ఉన్న తోక కూడా నిలుపుకోలేనివాడివి, నువ్వు నాకు సాటా?" అంది సొర.

"కాళ్ళొచ్చాక దాంతో నాకు పని లేకపోయింది, సొర బావా," అంది కప్ప.

ఈ వాదులాటలో పోటు తగ్గిపోతున్న సంగతి ఇద్దరూ చూసుకోలేదు. మడుగు మోకాలి లోతుకు వచ్చేసింది. ఈదుతూ ఉంటేనే సొరకు ఊపిరాడుతుంది. ఈదడానికి చోటు లేదు. బురద లేచి కళ్ళకేమీ కనబడలేదు.

కప్ప వెళ్ళిపోవచ్చు. ఒక్క గెంతు వేసింది కూడా. ఆగి వెనక్కి చూస్తే సొర మొప్పలు కొట్టుకుంటున్నాయి.

"గట్టు మీంచి దారి చూస్తాను. నా అరుపు వినబడినవైపు వస్తావా?" అంది.

సొర ఆ గొంతు వచ్చినవైపు ముక్కు తిప్పింది. "వస్తాను బావా," అంది.

మడుగులోంచి బయటికి మూడు పాయలు. మొదటిది ఇసుక మేటతో పూడిపోయింది. రెండోదానికి జాలర్లు అడ్డంగా వల కట్టారు. కప్ప చూసొచ్చేసరికి నీరు ఇంకో బెత్తెడు తగ్గింది. మూడో పాయలో మాత్రం ఇంకా నీరు జారుతోంది. కప్ప దాని పక్కనే గెంతుతూ బెకబెకమంది. సొర బురదలో పొట్ట ఈడ్చుకుంటూ ఆ అరుపు వెంటే పోయింది.

పాయ చివర నీరు బాగా ఉప్పన. తుంపరలు పడి కప్ప ఒళ్ళు మండింది. ఇక తాను రాలేనని, ఇక్కణ్ణుంచి సొర ముక్కే దానికి దారి చూపాలని చెప్పింది.

సొరకు సముద్రం వాసన తగిలింది. అయినా వెంటనే పోలేదు. కప్ప వెనక్కి గెంతుకుంటూ పోయి మంచినీటి గుంటలో దూకిన చప్పుడు వినేదాకా అక్కడే తిరిగింది. విన్నాకే లోతుకు వెళ్ళింది.

నీతి: ఎదుటివాడిలో ఏం లేదో వెతుకుతూ కూర్చుంటే, వాడిలో ఉన్నది మన కంటపడదు.

సరే, ఇక లేవండి. ఇళ్ళల్లో అన్నం చల్లారిపోతుంది. కాళ్ళు కడుక్కుని తినండి.