వీణ వినడానికొచ్చిన ఎలుగుబంటి

దుప్పటి ఎవరు లాగుతున్నారో నాకు తెలుసు గానీ పేరు చెప్పను. పండూ, వదులు. ఆఁ, ఇప్పుడు వినండి.

అనగనగా, అంటే మీ అమ్మకి పాలపళ్ళు రాకముందు, వాళ్ళమ్మకీ రాకముందు, నెమలికోన అని ఓ ఊళ్ళో, కొండకి ఆనుకుని ఓ ఇల్లు ఉండేది. పెరటి కంచె దాటితే అడవే. ఆ ఇంట్లో మంగతాయారు అని ఓ అత్తగారు. ఆవిడ నోరు పెద్దది, మనసు దానికంటే పెద్దది. కాకపోతే నోరు ముందుంటుంది కదా, మనసు ఎవరికీ కనబడేది కాదు. ఆవిడకి వరదయ్య అని ఒక్కడే కొడుకు. అమ్మ ఊ అంటే ఊ, పెళ్ళాం ఆ అంటే ఆ. ఇద్దరూ ఒకేసారి అంటే పోయి గేదె పక్కన కూర్చునేవాడు.

ఆ పెళ్ళాం పేరు నాంచారు. కొత్తగా కాపరానికొచ్చింది. సారెలో ఏం తెచ్చిందంటారు? చలిమిడి తెచ్చింది, అరిసెలు తెచ్చింది, ఇంత పొడుగు వీణ తెచ్చింది. చలిమిడీ అరిసెలూ రెండు పూటల్లో అయిపోయాయి, మీలాంటివాళ్ళు ఆ ఊళ్ళోనూ ఉన్నారు మరి. వీణ మిగిలింది. వాళ్ళ నాన్న పనసచెక్క తొలిచి కూతురి కోసం చేసిన వీణ. అది ఓ పూట మీటకపోతే ఆ పిల్లకి అన్నం సయించదు.

ఎండాకాలం. దీపాలు పెట్టే వేళ పెరటి వసారాలో కూర్చుని వీణ అందుకుంది. కంచె పక్కన పొద కదిలింది. పొదలోంచి నల్లగా, బొద్దుగా, పండు నిద్రలేచినప్పుడు జుట్టుంటుందే, సరిగ్గా అలాంటి జుట్టుతో ఓ ఎలుగుబంటి వచ్చింది. వచ్చి పెద్దమనిషిలా చతికిలబడింది.

ఇక చూడండి. కోడలు వీణ మీటె, వీణ మీటితే ఎలుగు వచ్చె, ఎలుగు వస్తే కుక్క మొరిగె, కుక్క మొరిగితే గేదె బెదిరె, గేదె తంతే పాలు ఒలికె, పాలు ఒలికితే అత్త అరిచె, అత్త అరిస్తే ఎలుగు కొండెక్కె!

ఊ కొడుతున్నారా? మీరు ఊ అనకపోతే ఎలుగు కొండమీదే ఉండిపోతుంది, నాకేం పోయింది.

మర్నాడూ ఎలుగు వచ్చె, కుక్క మొరిగె, గేదె బెదిరె, పాలు ఒలికె. ఆ మర్నాడూ అంతే. మంగతాయారు ఒకటే మాట చెప్పేసింది. వీణ అటకెక్కాలి, మళ్ళీ దించితే తిన్నగా పుట్టింటికే పోతుందని. నాంచారు వీణని పాతచీరలో చుట్టి, చంటిపిల్లని పడుకోబెట్టినట్టు అటకమీద పడుకోబెట్టింది. ఆ పూట కంచం ముందు ఊరికే కూర్చుని లేచింది.

పోనీ అత్తగారికైనా బాగుందా అంటే అదీ లేదు. మజ్జిగ చిలుకుతుంటే ఆవిడ చెయ్యి దానంతటదే ఆ పాట వరసలో తిరిగేది. నోరు వద్దంది గానీ చెయ్యి ఒప్పుకోలేదు.

ఈలోపు ఊరివాళ్ళు ఊరుకుంటారా? నూతి దగ్గర ఎలుగుబంటి తల ఊపిందన్నారు. రేవు దగ్గరికొచ్చేసరికి అది తాళం వేసింది. సంతకి వెళ్ళేసరికి పల్లవే అందుకుంది. ఆ మాట రాజుగారి చెవిన పడింది.

ఆ రాజుకి రెండు పిచ్చులు. ఒకటి మీసాలు. మూరెడేసి మీసాలకి పొద్దున్నే మైనం పట్టించి తేలుకొండిల్లా నిలబెట్టేవాడు. రెండోది వింతలు. ఐదుకాళ్ళ మేకని చూశాడా, కోటకి. కూయని కోడిని చూశాడా, కోటకి. ఇక్కడికీ కబురంపాడు. శుక్రవారం సాయంత్రం వస్తాడట. ఎలుగుబంటి పాట వింటే వీణ కోటకి పోవాలి. వినకపోతే రాజుకి అబద్ధం చెప్పినందుకు ఇంటిల్లిపాదికీ సున్నం బొట్లు పెట్టి గాడిదల మీద ఊరేగిస్తాడట.

ఎలుగు వస్తే వీణ పోతుంది, రాకపోతే పరువు పోతుంది. వరదయ్య వెళ్ళి గేదె పక్కన కూర్చున్నాడు.

నాంచారు అటకమీంచి వీణ దించింది. ఈసారి అత్తగారూ అడ్డుపడలేదు. వసారాలో ఎండపొడకి పెట్టి, తుడిచే గుడ్డ కోసం లోపలికెళ్ళి వచ్చేసరికి ఏముంది? పాట లేదు, పాడూ లేదు, ఎలుగుబంటి వసారా ఎక్కి వీణ మెట్ల మధ్య ముక్కుపెట్టి నాకుతోంది. పిల్లని చూసి ఒక్క ఉరుకున పోయింది.

వీణమీద వేళ్ళతో నొక్కే ఇత్తడి మెట్లుంటాయే, అవి నిలబడేది దేనిమీద అనుకున్నారు? మైనం మీద. ఎండకి మైనం మెత్తబడితే తేనెపట్టు వాసనొస్తుంది. ఇన్నాళ్ళూ నా పాటకే వస్తోందనుకున్నానే అని నాంచారు కాస్త మూతి ముడిచింది. ఇంతలో రాజుగారి మీసాలు గుర్తొచ్చాయి. నవ్వాగలేదు. వెళ్ళి అత్తగారి చెవిలో ఊదింది. అత్తగారు నవ్విన నవ్వుకి చేతిలో గరిట జారిపోయింది. అత్తాకోడళ్ళు కలిసి నవ్వడం ఆ ఇంట్లో అదే మొదలు.

శుక్రవారం వచ్చింది, పల్లకీలో రాజొచ్చాడు, గోడలెక్కి ఊరంతా చూస్తోంది. వీణ పొద్దుటినుంచీ ఎండలోనే ఉంది. నాంచారు వంగి దండం పెట్టింది.

"ఏలినవారూ, నా చేతికే ఎలుగు వచ్చింది. తమ చెయ్యి పడితే అడవంతా కదిలి రాదా? తమరే మీటండి."

రాజు పొంగిపోయి వీణ ఒళ్ళో పెట్టుకున్నాడు. ట్రొంయ్ మంది. ఇంకోసారి ట్రొంయ్ మంది. రాజు వీణ మీటె, కుక్క మంచం కింద దూరె, గేదె పలుపు తెంపె, ఎలుగు కంచె దూకె. భటులు ముందు శభాష్ అన్నారు, తర్వాత పరుగందుకున్నారు. ఎలుగు తిన్నగా రాజు దగ్గరికొచ్చింది. మెట్లు నాకింది. ఇంకా మంచి వాసన పైనుంచి వస్తోందే అని తలెత్తింది. ఇంత నాలుక చాపి కుడి మీసం నాకేసింది. ఎడమది నాకేలోపు రాజు జామచెట్టు మీదున్నాడు. ఎలా ఎక్కాడో ఆయనకే తెలీదు. ఎలుగు కింద కూర్చుంది, రెండో మీసం ఎప్పుడు రాలుతుందా అని.

మంగతాయారు నడుం మీద చెయ్యేసుకుని చెట్టు కిందకొచ్చింది.

"వీణ వెంట ఎలుగు కూడా కోటకొస్తుంది బాబూ. పంపమంటారా?"

"వద్దమ్మా. నీ కోడలి వీణ నీ ఇంట్లోనే ఉండనీ."

"గాడిదల మాటో?"

"గాడిదలూ వద్దు. ముందు దీన్ని పంపించు తల్లీ."

అప్పుడు వరదయ్య, ఎవరూ ఊ అనకుండా ఆ అనకుండా, తనంతట తనే లేచి, ఈ పనికని ముందే తెచ్చి కుండలో మూతపెట్టి ఉంచిన తేనెపట్టు కంచె అవతలికి విసిరాడు. ఎలుగు దాని వెనకే పోయింది. రాజు దిగొచ్చి, వేలాడే మీసంతో, నిలబడ్డ మీసంతో, ఎవరివైపూ చూడకుండా పల్లకీ ఎక్కాడు.

మర్నాడు మంగతాయారే కుంపటి రాజేసి, మైనంలో వేపనూనె కలిపి కరిగించింది. అత్త పోసింది, కోడలు మెట్లు నిలబెట్టింది. ఇక ఆ చేదుకి ఎలుగు ఈ దిక్కు చూడదులే అందావిడ. అంది గానీ, దీపాలవేళ నాంచారు వీణ మీటుతుంటే కంచె వైపే చూస్తూ కూర్చుంది.

పొద కదిలింది. ఎలుగు వచ్చింది, గాలి వాసన చూసింది, చేదుకి మూతి తిప్పుకుంది, వెనక్కి తిరిగింది. నాలుగడుగులు వేసి ఆగింది. మళ్ళీ వచ్చి, కంచెకి అవతలే చతికిలబడింది.

నాంచారు భయంభయంగా చెయ్యి ఆపి అత్తగారి మొహం చూసింది.

"ఆపుతావేమే? వాయించు. మేమిద్దరం వింటున్నాంగా" అంది మంగతాయారు.

ఇందులో నీతేమిటంటే, మీ పాటకి ఎవరైనా వస్తే, పాటకొచ్చారా మైనానికొచ్చారా అని చూసుకోండి. మైనం లేకపోయినా కూర్చున్నారా, వాళ్ళకి పీట వెయ్యండి. అదిగో, కథ కంచి దారి పట్టింది. మనం ఇంట్లోనే ఉన్నాం గనక కళ్ళు మూస్తే చాలు. పండూ, కాలు తియ్యి.