అన్నం గంటకు బిరుదుల పేరు

కోటల్లో కంప్యూటర్లు కూడా ఉన్న కాలంలో, ఒక రాజ్యాన వంటమనిషి సింగారమ్మ అన్నం గంట మోగించే ప్రోగ్రాం ఒకటి నడిపేది. గంట వినగానే పనివాళ్ళు ఎక్కడి పని అక్కడే వదిలి తినడానికి పరిగెత్తేవాళ్ళు. దివాను గరుడాచలం గారికి అది కంటగింపు.

"దాని పేరు చెప్పు, ఆపేస్తాను," అని ఒకరోజు సింగారమ్మతో అంటూ ఆయన కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఏ పేరు కొడితే ఆ పేరుతో నడుస్తున్నవన్నీ ఆగిపోయే ఆజ్ఞ ఒక్కటే ఆయనకు వచ్చు.

"గరుడప్రతాపం, దొరా."

"అది సభలో నా బిరుదులు చదివే ప్రోగ్రాం పేరు కదే!"

"ముచ్చటపడి దీనికీ అదే పెట్టుకున్నాను. కొట్టండి దొరా, రెండూ ఒక్కసారే ఆగుతాయి."

సభలోంచి "శత్రుభయంకరా, మహాదాతా" అని వినిపిస్తోంది. దివాను వేలు మీట మీదే ఆగిపోయింది. ఇంతలో గంట మోగింది.

"ఇవాళ కూరేంటే?" అంటూ ఆయన లేచాడు.