గద్ద గుర్తు కారు

విజయవాడ ఆటోనగర్‌లో కోటిలింగం అనే పెయింటరు ఉండేవాడు. బండి మీద ఏ బొమ్మ అడిగినా అచ్చు గుద్దినట్టు వేసేవాడు గానీ, ఆ బొమ్మ ఏమిటని ఒక్కనాడూ అడిగేవాడు కాదు.

అతని చేయి అలాంటిది మరి. కుంచెలు తనే కట్టుకునేవాడు. లారీ ముందు దీపం దగ్గర కుంచె ఆనించి, ఊపిరి బిగబట్టి, వెనుక దీపం దాకా ఒకే గీత లాగేవాడు. ఆ గీత పూర్తయ్యేదాకా చుట్టూ నిలబడ్డవాళ్ళు కూడా ఊపిరి బిగబట్టేవాళ్ళు. టీ తెచ్చిన మనిషి ఒకసారి అలా చూస్తూ నిలబడి, వేడి టీ చేతి మీద ఒలికినా కదల్లేదట. చిరుతపులులు, దేవుళ్ళు, పార్టీ జెండాలు, అన్నీ ఆ చేతిలోంచి వచ్చినవే. ఒక ఎన్నికల్లో రెండు పార్టీలవాళ్ళు తలలు పగలగొట్టుకుంటే, ఇద్దరి జీపుల మీదా జెండాలు వేసింది కోటిలింగమే. "ఇదేం పనయ్యా?" అని ఎవరైనా అడిగితే, "రంగు వేయడమే నా పనండీ. అర్థాలు చెప్పడానికి పంతుళ్ళున్నారు" అనేవాడు.

ఒక వేసవిలో విశ్వప్రసాద్ అనే బట్టల వ్యాపారి పాత అంబాసిడర్ కారు తెచ్చాడు. అతని చేతిలో మాసిపోయిన ఫోటో ఒకటి ఉంది, టీవీ సీరియల్లోని ఒక కారుది. పాతికేళ్ళ కిందట టీవీలో ఆదివారం పూట 'కొరడా దొర' అనే సీరియల్ వచ్చేది. ఆ రోజుల్లో వీధికొక టీవీ ఉంటే గొప్ప. గాలికి యాంటెన్నా తిరిగితే ఒకడు డాబా ఎక్కి తిప్పేవాడు. కిందినుంచి పదిమంది "వచ్చింది, వచ్చింది, పోయింది" అని అరిచేవాళ్ళు. తెర మీద మనుషులకంటే చుక్కలే ఎక్కువ కనిపించేవి. అయినా ఎవరూ లేచేవాళ్ళు కాదు. ఆ సీరియల్లో ఒక దొరబిడ్డ ఎర్ర కారులో వచ్చి కొరడాతో దొంగల పని పట్టేవాడు. ఆ కారు బానెట్ మీద రెక్కలు చాచిన గద్ద, దాని గోళ్ళలో చుట్ట చుట్టిన కొరడా ఉండేవి.

"పక్కింటివాళ్ళ కిటికీలోంచి చూసేవాణ్ణండీ," అన్నాడు విశ్వప్రసాద్. "మా నాన్న నన్ను భుజాల మీద ఎక్కించుకుని సీరియల్ అయ్యేదాకా నిలబడేవాడు. నాకు ఆ కారే కావాలి. వచ్చే నెల పాతకార్ల ప్రదర్శన ఉంది. పేపర్లవాళ్ళు వస్తారు. బొమ్మ కింద మీ పేరు పెద్దగా రాసుకోండి."

కోటిలింగానికి కావలసింది అదే. ముప్పై ఏళ్ళుగా అతను రాసుకున్న పేర్లన్నీ లారీల వెనుక దుమ్ము కొట్టుకుపోయాయి. అందరూ పెయింటర్ అన్నవాళ్ళే. చిత్రకారుడు అన్నవాడు ఒక్కడూ లేడు. ఈ కారుతో ఆ మాట అనిపించుకోవాలనుకున్నాడు.

ఇరవై రోజులు పట్టింది. ఈకకు ఈక విడిగా వేశాడు. గద్ద కన్ను ఎటు నిలబడ్డవాణ్ణి అటే చూసేది. పక్క షెడ్ల మెకానిక్కులు పని ఆపుకుని వచ్చి, చేతులు కట్టుకుని చూసి వెళ్ళేవాళ్ళు.

కారు అప్పగించే రోజు వచ్చింది. కోటిలింగం షెడ్డులో ఒక ఆనవాయితీ ఉండేది. బండి గడప దాటే ముందు, అక్కడ పనిచేసేవాళ్ళలో వయసులో పెద్దవాడు గుమ్మడికాయ తిప్పి దిష్టి తీయాలి. ఆ పెద్దవాడు నాంచారయ్య. రంగుకు ముందు నీటికాగితంతో రేకును రుద్ది నునుపు చేసే పని ఆయనది. కంటి ఆపరేషన్‌కు సెలవు పెట్టి ఆ ఉదయమే తిరిగి వచ్చాడు.

"రా బాబాయ్, కొత్త కళ్ళతో నా గద్దను చూద్దువుగాని," అన్నాడు కోటిలింగం.

నాంచారయ్య గుమ్మడికాయ పట్టుకుని కారు ముందుకు వచ్చాడు. బానెట్ చూశాడు. కాయను మెల్లగా నేల మీద పెట్టాడు. భుజం మీది తువ్వాలు తీసి నడుముకు చుట్టుకున్నాడు. చెప్పులు విప్పి చంకలో పెట్టుకున్నాడు. పక్కనున్న మురుగుకాలవ అంచుదాకా వెనక్కి జరిగి, తల వంచుకుని నిలబడ్డాడు.

 కోటిలింగం పొంగిపోయాడు. ముప్పై ఏళ్ళలో తన బొమ్మకు ఇలా చెప్పులు విప్పినవాళ్ళు లేరు.

"అంత బాగుందా బాబాయ్?" అన్నాడు గొంతు తగ్గించి.

"పక్కకు రా అబ్బాయ్. బండి పోనీ," అన్నాడు నాంచారయ్య, తల ఎత్తకుండానే.

"ఎవరి బండి?"

"మా ఊరి ఎస్టేటు దొరల బండి. గద్ద, కొరడా. వాళ్ళ గుర్తు అది. బండి కనిపిస్తే చెప్పులు చంకలో పెట్టుకుని, రోడ్డు దిగి బురదలో నిలబడాలి. నా చిన్నప్పుడు ఒకరోజు మా నాన్న తల మీద వరిమోపు ఉంది. దించేలోపు బండి వచ్చేసింది."

"తరవాత?"

"కొరడా దిగింది. తరవాత ఆయన మళ్ళీ మోపు ఎత్తలేదు."

కోటిలింగం గద్ద గోళ్ళలోని కొరడా వంక చూశాడు.

"టీవీవాళ్ళు ఎక్కడో చూసి బాగుందని పెట్టుకుని ఉంటారు తాతగారూ," అన్నాడు విశ్వప్రసాద్ ఇబ్బందిగా. "అందులో హీరో మంచివాడు. దొంగల్నే కొట్టేవాడు."

"అయ్యుండొచ్చు బాబూ. మా వీధిలో టీవీ లేదు." నాంచారయ్య తన పాదాల వంక చూసుకుని కొంచెం నవ్వాడు. "ఇది సీరియల్ కారని నాకూ తెలుసు. ఈ కాళ్ళకే తెలియలేదు."

ఆయన కారు దగ్గరకు వచ్చి, వంగి గుమ్మడికాయ అందుకోబోయాడు. కోటిలింగం దాన్ని పక్కకు తీశాడు. "ఒద్దు బాబాయ్. ప్రసాద్ గారూ, కారు మీది. కాదనను. కానీ ఇది చెరపనివ్వండి."

"ప్రదర్శన రేపేనండీ. మీ పేరు?"

"పోనివ్వండి."

 విశ్వప్రసాద్ కాలవ అంచుకు వెళ్ళి, ఇందాక నాంచారయ్య నిలబడ్డ చోటే నిలబడి, అక్కడినుంచి కారును చూశాడు. గద్ద అతన్నీ చూసింది. అతను తాళాలు కోటిలింగం చేతిలో పెట్టి, స్టూలు మీద కూలబడ్డాడు.

కోటిలింగం నీళ్ళ బకెట్టు తెచ్చాడు. నాంచారయ్య ఆ బకెట్టు అందుకున్నాడు.

"రుద్దడం నా పని అబ్బాయ్. నువ్వు తప్పుకో."

కోటిలింగం ఆయన చంకలోని చెప్పులు తీసి, కాళ్ళ ముందు పెట్టాడు. "వేసుకుని రుద్దు బాబాయ్."

ముసలాయన చెప్పులు వేసుకుని, నీటికాగితం తడిపి, గద్ద కంటి దగ్గర మొదలుపెట్టాడు. కన్ను పోయింది. ఈకలు ఒక్కొక్కటే నీళ్ళలో కలిసి, ఎర్రగా నల్లగా బానెట్ మీదుగా కారిపోయాయి. కొరడా దగ్గర ఆయన చేయి ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలింది. చుట్టుపక్కల షెడ్లవాళ్ళు మూగారు. కోటిలింగం గీత లాగినప్పుడు బిగబట్టినట్టే ఊపిరి బిగబట్టి చూశారు. ఇరవై రోజుల బొమ్మ ఒక్క పూటలో పోయింది. అంత గొప్ప పని తన షెడ్డులో మునుపెన్నడూ జరగలేదని కోటిలింగానికి తోచింది.

మర్నాడు కారు బానెట్ మీద బూడిదరంగు మచ్చతోనే ప్రదర్శనకు వెళ్ళింది. బహుమతి రాలేదు. ఏ పేపర్లోనూ కోటిలింగం పేరు రాలేదు. ఆ తరవాత ఎవరు బొమ్మ తెచ్చినా, "ఇది ఎవరి గుర్తండీ? దీన్ని చూసి ఎవరైనా భయపడతారా?" అని అడిగేవాడు. కొందరు విసుక్కుని పక్క షెడ్డుకు వెళ్ళేవాళ్ళు. వెళ్ళనిచ్చేవాడు.

పిల్లలూ, చేతిలో ఎంత నేర్పు ఉన్నా, ఒక గుర్తు తోటిమనుషులను ఎంత ఏడిపించిందో అడిగి తెలుసుకోకుండా దాన్ని గీయకూడదు.