గుమ్మం దెబ్బ

అనగనగా వకుళ అనే ఆమె ఉండేది. వయసు నలభై ఒకటి. కుక్కర్ మూడు కూతలు కూసేదాకా వంటింట్లోంచి కదలకపోవడం ఆమె అలవాటు.

పప్పు ఉడికే ఆ ఇరవై నిమిషాలే రోజు మొత్తంలో ఆమెవి. మిగతా రోజంతా ఎవరో ఒకరిది. ఆ ఇరవై నిమిషాల్లో కొందరు దేవుణ్ణి తలుచుకుంటారు. వకుళ మాత్రం ఫోను తెరిచి దివిటీకోటకు వెళ్ళేది.

దివిటీకోట ఏ పటంలోనూ లేదు. అది ఒక ఆట. ఎక్కడెక్కడివాళ్ళో ఫోన్లలో, కంప్యూటర్లలో ఒకేసారి చేరి ఆడతారు. కోట లోపల ఎక్కడానికి నెలలు పట్టే ఒక కొండ, దాన్ని ఎక్కే మహావీరులు ఉండేవారు. సగం రోజు యుద్ధాలు చేసేవారు. మిగతా సగం ఆ యుద్ధాల గురించి చెప్పుకునేవారు. వారి రాజు వజ్రభుజుడు.

ఆ కోటకు ఒక ఆచారం ఉంది. దాని పేరు గుమ్మం దెబ్బ. కొత్తగా ఎవరొచ్చినా ద్వారపాలకుడు కరవాలుడు కత్తితో ఒక వేటు వేస్తాడు. తట్టుకున్నవాళ్ళు లోపలికి, పడ్డవాళ్ళు ఇంటికి. ఆటను తయారుచేసినవాళ్ళు పెట్టిన నియమం కాదది. వీరులు తమకు తాము పెట్టుకున్నది.

మొదటి రోజు వకుళ పడింది. లోపలివాళ్ళు నవ్వారు.

రెండో రోజు పడింది. మైకులో కుక్కర్ కూత వినబడి, "పప్పు మాడుతుందేమో చూసుకో పిన్నీ" అన్నారు.

మూడో రోజు కూడా పడింది. కానీ పడుతూ ఒక సంగతి గమనించింది. వేటు ఎప్పుడూ ఎడమవైపు నుంచే వస్తోంది.

గుమ్మం బయట ఇంకా చాలామంది పడి ఉన్నారు. ఒకాయన రిటైరైన పోస్టుమాస్టరు. ఒకామె డ్యూటీ మధ్యలో పది నిమిషాలు దొరికిన నర్సు. ఇంకొకామె ఒళ్ళో పిల్లను జోకొడుతూ ఒంటిచేత్తో ఆడే తల్లి.

"లేవండి" అంది వకుళ. "దెబ్బ ఎడమ నుంచి వస్తుంది. కుడికి జరగాలి. రండి, నేర్చుకుందాం."

నర్సు తప్పించుకుంది. పోస్టుమాస్టరు ఆరుసార్లు పడి ఏడోసారి తప్పించుకున్నాడు. అది చూసి వజ్రభుజుడు కరవాలుడి రెండో చేతికి కూడా కత్తి ఇప్పించి, వాళ్ళిద్దరినీ మళ్ళీ మొదటినుంచి రమ్మన్నాడు. బయటివాళ్ళు ఆట నేర్చుకోగానే లోపలివాళ్ళు నియమం మార్చడం కొత్తేమీ కాదు.

వకుళ ఇంటికి పోలేదు. గుమ్మం బయటే గుడారం వేసింది. పడ్డవాళ్ళకు లేవడం నేర్పింది. కొన్ని వారాలకు గుడారంలో ఆమెతో కలిపి పంతొమ్మిది మంది అయ్యారు.

ఇంతలో కోటకు కష్టం వచ్చింది. ఆ ఆటలో ప్రతి పున్నమికీ కోటగోడ మీద నూరు దీపాలు ఒకేసారి వెలగాలి. మనిషికి ఒక దీపమే. మూడు పున్నములు వరసగా తప్పితే, ఆటను నడిపేవాళ్ళు ఆ కోటను చెరిపేస్తారు. వీరులేమో తరిగిపోతున్నారు. ఒకడికి ఉద్యోగం, ఒకడికి పెళ్ళి, ఒకడికి విసుగు. కొత్తవాళ్ళు గుమ్మం దాటడం లేదు.

మొదటి పున్నమికి వీరులు తలా రెండు దీపాలు వెలిగించబోయారు. రెండోది వెలిగించగానే మొదటిది ఆరిపోయింది.

రెండో పున్నమికి పాత వీరులను పిలిచారు. నలుగురే వచ్చారు, దీపాలు నూరు కాలేదు. వాళ్ళూ మర్నాడు వెళ్ళిపోయారు.

మూడో పున్నమి వచ్చింది. ఆ రాజ్యంలో దీపాల వేళ అంటే మనకు పొద్దున పదకొండు గంటలు. రాజు లెక్క చూసుకున్నాడు. ఎనభై ఒక్కమంది. అప్పుడు గుమ్మం దాకా వచ్చాడు.

"అమ్మా, మీరంతా లోపలికి వచ్చి తలా ఒక దీపం వెలిగించి వెళ్ళండి" అన్నాడు.

"నిన్నటిదాకా పిన్నిని, ఇవాళ అమ్మనయ్యానా?" అంది వకుళ. "వెలిగించి వెళ్ళడమేంటి బాబూ? వంటకు పిలిచి పంక్తిలో కూర్చోనివ్వని ఇళ్ళు మేం చాలా చూశాం. వస్తే ఉండిపోవడానికే వస్తాం. గుమ్మం దెబ్బ తీసేయండి."

"పొద్దుపోక వచ్చేవాళ్ళ కోసం ఆటను తేలిక చెయ్యమంటారా?"

"పొద్దు చాలకే ఇరవై నిమిషాలు వస్తున్నాం. మీ కొండ ఎత్తు తగ్గించమని ఎవరడిగారు? మొదటి మెట్టు దగ్గర నిలబడి తొయ్యొద్దంటున్నాం."

"మేమంతా ఆ దెబ్బ తినే వచ్చాం" అన్నాడు రాజు. "మీరు తినకుండా వస్తే మా కష్టానికి విలువేముంది?"

"ఈ మాట మా అత్తగారు కూడా అనేది. ఆవిడ చేతిలో కత్తి ఉండేది కాదు, గరిటె ఉండేది. అంతే తేడా."

గుడారంలో అందరూ నవ్వారు. గోడ మీద ఒకరిద్దరు వీరులు కూడా నవ్వారు.

అప్పుడు కరవాలుడు రెండు కత్తులూ కింద పెట్టాడు. మూడేళ్ళలో ఎన్నడూ మైకులో మాట్లాడనివాడు మాట్లాడాడు. అది ఆడపిల్ల గొంతు.

"రాజా, నా పేరు ఉదయిని. మొదట నా పేరుతోనే వచ్చాను. నా గొంతు విని వారం రోజులు కూరలెలా వండాలో అడిగి నవ్వారు మీరంతా. వెళ్ళిపోయి, మీసాలు పెట్టుకుని, మైకు మూసుకుని మళ్ళీ వచ్చాను. ఎవరికీ అనుమానం రాకూడదని అందరికంటే గట్టిగా కొట్టాను. ఈ పిన్నిని కూడా కొట్టాను. ఇక కొట్టను."

 కోటంతటా రాజు కంటే గొప్ప యోధ ఆమె ఒక్కతే. అది అతనికి తెలుసు.

"గుమ్మం తెరవండి" అన్నాడు రాజు. "దెబ్బ తీసేశాను. వచ్చినవాళ్ళు ఉండిపోవచ్చు."

"రామ్మా, నువ్వూ దీపం అందుకో" అంది వకుళ ఉదయినితో.

దీపాలు వెలగసాగాయి. తొంభై ఎనిమిది దగ్గర ఆగాయి. పోస్టుమాస్టరుకు ఎక్కడ నొక్కాలో తెలియడం లేదు. వకుళ ఇంట్లో కుక్కర్ మూడో కూత కూసింది. ఆమె పొయ్యి కట్టెయ్యడానికి కదల్లేదు. నాలుగోది కూసింది.

"కళ్ళజోడు పెట్టుకోండి మాస్టారూ. కింద, కుడిపక్కన. కంగారేం లేదు" అంది.

ఐదో కూతకు ఆయన దీపం వెలిగింది. ఆరో కూతకు ఆమెది వెలిగింది.

నూరు దీపాలు నిలిచాయి. పప్పు మాడింది. ఇంట్లో ఎవరూ చచ్చిపోలేదు, ఆ పూట పెరుగన్నం తిన్నారు.

ఆ మర్నాటి నుంచి గుమ్మం దగ్గర వీరులే వంతులవారీగా నిలబడి కొత్తవాళ్ళకు అడుగు వెయ్యడం నేర్పారు. మొదటి వంతు రాజుది. అతనికి నేర్పడం రాదు. అది ఉదయిని నేర్పింది. లోపలి కొండ మాత్రం అంతే ఎత్తున ఉంది. ఎక్కేవాళ్ళు నెలల తరబడి ఎక్కారు. మొదటి మెట్టు మీద కాసేపు కూర్చుని పోయేవాళ్ళు కూర్చున్నారు.

తాము తిన్న దెబ్బను తమ దగ్గరే ఆపేవాళ్ళే వీరులు. దాన్ని కొత్తవాళ్ళ మీదికి దాటించేవాళ్ళ కోటలో దీపం నిలవదు.

తర్వాత కోటలో అందరూ ఎన్నుకుంటే వకుళ ఆ కోటను మూడేళ్ళు ఏలింది, రోజుకు ఇరవై నిమిషాల చొప్పున.