వెనక అయిదు కుండలు

ఆ ఏడాది మృత్యుంజయానికి ఓపిక అడుగంటిపోయింది.

మఠం బడిలో ఇరవైమంది పిల్లలకి చదువు చెప్పే పని గురువుగారు శాంతవీరస్వామి అతనికి అప్పగించారు. బడి తెరిచేముందు అతను పట్నంలో మూడు రోజుల శిక్షణకి వెళ్ళి ఒక్క మాట పట్టుకొచ్చాడు: పర్సంటైల్. తరగతిలో నూటికి ఎంతమంది నీకన్నా వెనక ఉన్నారో చెప్పే అంకె. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, వచ్చిన రోజే గోడమీద రాయించాడు: "వేసవికల్లా ఒక్కరూ యాభై పర్సంటైల్‌కి తగ్గకూడదు. తగ్గితే టి.సి. ఇచ్చి పంపేస్తాం."

పరీక్ష పెట్టాడు. పదిమంది తగ్గారు. తెల్లవారుజామునే లేపి చదివించాడు. మళ్ళీ పెట్టాడు, పదిమందే. ఆటలు మాన్పించాడు, గొంతు పోయేలా పాఠాలు చెప్పాడు. వేసవి వచ్చింది. మళ్ళీ ఆ దిక్కుమాలిన పదిమందే!

"మొదట్లో ముప్పై ఒక్క మార్కులు వచ్చినాయి సార్ నాకు. ఇప్పుడు డెబ్భై రెండు," అని హంపమ్మ ఏడుస్తూ జవాబు కాగితం చూపించింది.

"పర్సంటైల్ పాతిక! పెట్టె సర్దుకో!" అని కసిరాడు.

పదిమందీ పెట్టెలతో రోడ్డుమీద నాలుగింటి బస్సుకోసం కూర్చున్నారు. ఇంక స్వామి సంతకాలే తరువాయి. మృత్యుంజయం కాగితాలు పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్ళాడు. ఆయన మఠం గేటు దగ్గర చలివేంద్రంలో బాటసారులకి నీళ్ళు పోస్తున్నారు.

"రాళ్ళకి చెప్పినా కరిగేవి సామీ. వీళ్ళతో నా వల్ల కాదు. సంతకం పెట్టండి."

స్వామి కాగితాలన్నీ చూశారు. హంపమ్మ కాగితం రెండుసార్లు చూశారు. పెన్ను మాత్రం తియ్యలేదు.

చలివేంద్రంలో పది కుండలున్నాయి. భక్తులు తలా ఒకటి ఇచ్చినవి, ఏ రెండూ ఒక్క సైజు కావు. పొద్దుట్నించీ జనం తాగగా అన్నిట్లోనూ నీళ్ళు అడుగుకి చేరాయి.

"నీళ్ళు ఎక్కువుండే కుండ ముందర, తక్కువుండేది చివర. అట్ల వరసగా పెట్టు," అన్నారు స్వామి.

పెట్టాడు.

"ఇప్పుడు ఒక్క కుండ కూడా వెనక అయిదింట్లో ఉండకూడదు. బిందె అక్కడుంది. నీళ్ళు పొయ్యి."

ఇదేం పరీక్షరా అనుకుంటూ మృత్యుంజయం చివరి కుండలో పోశాడు. అది ముందుకొచ్చింది, ముందున్నది వెనక్కి పోయింది. దాంట్లో పోశాడు. ఇంకోటి వెనకబడింది. బావికీ చలివేంద్రానికీ తిరిగాడు, కుండలు జరిపాడు, పంచె తడిసి కాళ్ళకి చుట్టుకుంది. ఎండకి తల మాడిపోయింది. చివరికి పది కుండలూ అంచులదాకా నిండాయి. పెద్దవి ముందున్నాయి, చిన్నవి అయిదూ వెనకే ఉన్నాయి.

బిందె ధడాలున కింద పడేశాడు.

"ఎంత పోసినా అయిదు వెనకే ఉండాయి సామీ! ఇదేం లెక్క?"

"నీదే కదప్పా," అన్నారు స్వామి విసుగ్గా. "ఏడాదిగా గోడమీద చదివి చదివి నా కండ్లు పోయినాయి."

అంతలో గాజులమ్మే ఆవిడ తట్ట దించుకుని వచ్చింది. చివరి కుండలో ముంత ముంచి గడగడా తాగింది. ఇంకో ముంత తాగి, మిగిలిన నీళ్ళు మొహాన చల్లుకుంది.

"పానం లేచొచ్చింది సామీ," అని తట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది.

రోడ్డుమీద బస్సు హారన్ వినిపించింది. స్వామి కాగితాలు అలాగే మృత్యుంజయం చేతిలో పెట్టారు.

"ఆ చివరి కుండతో దాహం తీరలేదని ఎవరన్నా అంటే చెప్పు. సంతకం పెడతా."

మృత్యుంజయం తడిపంచె పైకి దోపుకుని, పెట్టెలు వెనక్కి మోసుకురావడానికి రోడ్డువైపు పరిగెత్తాడు.