కుండలో లారీలు

ఈ కథ నాకు మొదట చెప్పినవాడు సైకిలు పంక్చర్లు వేసే బంగారయ్య. ఆయన చెప్పిందే అసలుది. తరవాత ఆయన బావమరిది దీనికి తోకలు తగిలించి, పెళ్ళిపందిళ్ళలో తన సొంతంలా చెప్పుకు తిరుగుతున్నాడు. అతను చెప్పేదాంట్లో ఒక ఏనుగు వస్తుంది. ఏనుగు లేదు. ఆ ఏనుగు గురించి నేను అడిగినందుకు అతను నాతో మాట్లాడడం మానేశాడు, నేనూ మానేశాను. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

లారీలు తిరిగే రోడ్డు పక్కన పైడయ్యది పెంకుటిల్లు. ఆ ఇంట్లో అందరికీ తెలివి ఎక్కువ. ఎక్కువని వాళ్ళే చెప్పుకునేవారు, ఇంకొకరికి ఆ శ్రమ ఇవ్వలేదు. అందరిలోకీ తెలివైనవాడు పైడయ్య. ధాన్యం గోడౌను గుమ్మంలో కూర్చుని బతికినవాడు. అక్షరం రాదు గానీ లెక్క తప్పదు. బస్తా లోపలికొస్తే కుండలో ఒక చింతగింజ వేసేవాడు. బస్తా బయటికెళ్తే ఒక గింజ తీసేవాడు. సాయంత్రం కుండలో ఎన్ని గింజలుంటే లోపల అన్ని బస్తాలు. అంతే. ఆయన ఉన్నన్నాళ్ళూ ఒక్క బస్తా తగ్గిందన్న మాట రాలేదు.

ఆ ఇంటికి ఒకటే కష్టం. పైడయ్య తల్లి సూరమ్మ ఇవతల, సూరమ్మ చెల్లెలు నీలమ్మ అవతల, మధ్యలో రోడ్డు. లారీలు పెరిగాక ముసలి సూరమ్మ రోడ్డు దాటలేకపోయింది. అక్కచెల్లెళ్ళు చెరో అంచునా నిలబడి కేకలేసుకునేవారు.

"ఏం కూరే?" అని సూరమ్మ అరిచేది. నీలమ్మ చెప్పేలోగా లారీ వచ్చేది. ఇంకేముంది, కూర లారీతో పోయేది.

"తల్లిని అవతలకి చేర్చలేనోడివి, నీ తెలివి ఏ ఉట్టి మీద పెట్టుకుంటావురా పైడిగా?" అని సూరమ్మ రోజూ అడిగేది. పైడయ్యకి అన్నం దిగేది కాదు.

అలాంటప్పుడు మునిసిపాలిటీ ఆయన ఒకడొచ్చి చెప్పాడు. "బళ్ళు ఎక్కువ తిరిగే రోడ్డుకి స్పీడు బ్రేకర్లు వేస్తాం. లెక్కపెట్టడానికి ఊరికే పనిచేసే మనుషులు కావాలి."

పైడయ్య చెయ్యెత్తాడు. తమ్ముడు దాలయ్య రెండు చేతులూ ఎత్తాడు.

"వచ్చేవీ పోయేవీ అన్నీ లెక్కపెట్టండి. ఒక్క బండినీ వదలొద్దు," అన్నాడు ఆయన.

"గోడౌను చేసినోణ్ణి. నాకు చెప్పాలా బాబూ," అన్నాడు పైడయ్య.

పొద్దున్నే అన్నదమ్ములు రోడ్డు పక్కన పీటలేసుకున్నారు. పైడయ్య భార్య నరసమ్మ కుండ తెచ్చింది, చింతగింజలు తెచ్చింది. గింజలు నల్లగా నిగనిగలాడుతున్నాయి.

"వేయించావేమిటే?"

"పచ్చివైతే పురుగు పట్టదా? వేయిస్తే లెక్క నిలవుంటుంది," అంది నరసమ్మ.

అంత తెలివైన భార్య దొరికినందుకు పైడయ్య మనసులోనే దణ్ణం పెట్టుకున్నాడు.

పని మొదలైంది. ఊళ్ళోకి లారీ వస్తే పైడయ్య "వచ్చింది" అనేవాడు, దాలయ్య గింజ వేసేవాడు. ఊళ్ళోంచి లారీ వెళ్తే "పోయింది" అనేవాడు, దాలయ్య గింజ తీసేవాడు. అచ్చం గోడౌను పద్ధతే. పొద్దెక్కేసరికి కుండ అడుగు నిండింది. పైడయ్యకి ఆ గింజలు గింజల్లా కనపడలేదు, స్పీడు బ్రేకర్లలా కనపడ్డాయి.

ఇంతలో కటుక్కుమని చప్పుడైంది.

"ఏం నమిలావురా?"

"లారీ," అన్నాడు దాలయ్య.

"మునిసిపాలిటీ లారీ నమిలేశావా?"

"పెద్దది కాదన్నా. ఆటోయే అయ్యుంటుంది. మెత్తగా ఉంది."

"ఇంక ముట్టుకోకు," అన్నాడు పైడయ్య. దాలయ్య ముట్టుకోలేదు. కుండ ఎత్తి నోట్లోకి ఒంపుకున్నాడు. అంతే. రెండు బస్సులు, మూడు ట్రాక్టర్లు, ఇసుక లారీ ఒకటి ఆయన కడుపులోకి పోయాయి.

అప్పుడే ఊళ్ళోంచి పాలవ్యాను వచ్చింది. "పోయింది" అన్నాడు పైడయ్య. దాలయ్య కుండలో చెయ్యి పెట్టి తడిమాడు. "స్టాకు లేదన్నా."

స్టాకు లేకుండా సరుకు ఎలా బయటికి పోతుంది? పైడయ్య లేచి రోడ్డుకి అడ్డంగా నిలబడ్డాడు. డ్రైవరు బ్రేకు వేశాడు, వ్యాను అడ్డం తిరిగి ఆగింది.

"బాబూ, నువ్వు పోవడానికి లేదు. నువ్వింకా రాలేదు."

"రాకపోవడమేంటి మావా? తెల్లారకుండానే వచ్చి పాలు దింపాను."

"మేం కూర్చోకముందు వస్తే అది రావడం కాదు."

"మరేం చెయ్యమంటావు?"

"బయటికెళ్ళి, వచ్చి, అప్పుడు పో."

"బయటికి వెళ్ళనివ్వట్లేదు కదా నువ్వు."

"రానివాడివి ఎలా వెళ్తావు నాయనా," అన్నాడు పైడయ్య జాలిగా. తెలివి లేనివాళ్ళతో ఆయన ఎప్పుడూ జాలిగానే మాట్లాడేవాడు.

వ్యాను వెనక బస్సు ఆగింది. బస్సు వెనక లారీలు ఆగాయి. వ్యాను అడ్డంగా ఉంది కాబట్టి ఊళ్ళోకి వచ్చేవీ ఆగాయి. వచ్చేవి ఆగితే గింజలు రావు, గింజలు రాకపోతే పోయేవి పోవు. ఇంకేముంది, కనుచూపు మేర బళ్ళు.

"ఇన్ని ఆపేశాం, తప్పు కాదా అన్నా?" అన్నాడు దాలయ్య.

"ఒక్క బండినీ వదలొద్దనే కదరా ఆయన చెప్పింది," అన్నాడు పైడయ్య.

ఆ సందట్లో సూరమ్మ గుమ్మంలోంచి చూసింది. లారీలు కదలడం లేదు. ముసలిది కర్ర పుచ్చుకుని లారీకీ లారీకీ మధ్యనుంచి నడిచి అవతలకి చేరింది. అక్కచెల్లెళ్ళు కావలించుకున్నారు. "వంకాయ," అంది నీలమ్మ, ముందుగా.

ఇవతల బస్సు కండక్టరు దిగి వచ్చాడు. కాసేపు విని, "తాతా, గింజ వేస్తే వచ్చినట్టేనా?" అన్నాడు.

"వచ్చినట్టే."

"తీస్తే పోయినట్టేనా?"

"పోయినట్టే. నీకు బుర్ర ఉంది."

దాలయ్య నోట్లోంచి జారిన గింజ ఒకటి కింద పడి ఉంది. కండక్టరు దాన్నే కుండలో వేశాడు, తీశాడు, వ్యాను పోయింది. వేశాడు, తీశాడు, బస్సు పోయింది. పోతూ పోతూ గింజని దాలయ్య చేతిలో పెట్టాడు. ఆ ఒక్క గింజతో లారీలన్నీ వచ్చి పోయాయి. చివరికి ఆ గింజనీ దాలయ్య నమిలేశాడు.

సాయంత్రం మునిసిపాలిటీ ఆయన వచ్చాడు. "ఎన్ని?"

పైడయ్య కుండ బోర్లించి చూపించాడు. "ఒక్కటీ మిగల్లేదు బాబూ. వచ్చినవి వచ్చినట్టు పోయాయి. సున్న."

"సున్నా? ఈ రోడ్డు మీద?"

"నా లెక్క మీద ఇంతవరకూ గోడౌను యజమానే అనుమానపడలేదు," అన్నాడు పైడయ్య మొహం గంటు పెట్టుకుని.

మునిసిపాలిటీ ఆయన పని, చెప్పింది రాసుకోవడమే. మధ్యలో ఇటుకల లారీ వస్తే పక్కకి తప్పుకున్నాడు, అది వెళ్ళాక సున్న పూర్తి చేశాడు.

కొన్నాళ్ళకి కాగితం వచ్చింది. ఈ రోడ్డు మీద బళ్ళు తిరగవు కనక స్పీడు బ్రేకర్లు అవసరం లేదని ఉంది. చదివించుకుని పైడయ్య ఆనందం పట్టలేకపోయాడు. బళ్ళే లేనప్పుడు బ్రేకర్లు ఎందుకు? రోడ్డు అంచుకి పరుగెత్తాడు. అవతల సూరమ్మ, బళ్ళు ఆగిన రోజు నుంచీ చెల్లెలింట్లోనే ఉండిపోయింది, మళ్ళీ దాటలేక.

"అమ్మా, బళ్ళు లేవంట. గవర్నమెంటు రాసింది. వచ్చెయ్యి."

సూరమ్మ అడుగు వేసింది. బొగ్గులారీ వచ్చింది. నీలమ్మ అక్క కొంగు పట్టి వెనక్కి లాగింది.

"లేవన్నావు కదరా?"

"లేదమ్మా అది. కాగితం చదివించాను. కళ్ళు మూసుకుని వచ్చెయ్యి, కాగితంలో ఉన్నట్టే ఉంటుంది."

సూరమ్మ రాలేదు. అంచేత పైడయ్య రోజూ పీటేసుకుని, వచ్చే లారీకల్లా ఆ కాగితం చూపించి "నువ్వు లేవు" అని చెబుతున్నాడు. లేనివన్నీ హారన్ కొట్టుకుంటూ పోతున్నాయి. లెక్కకి దాలయ్య గింజ వేస్తున్నాడు, తీస్తున్నాడు.

ఇది చదివినవాళ్ళలో మునిసిపాలిటీకి పనిమీద వెళ్ళేవాళ్ళెవరైనా ఉంటే, ఆ సున్న కొట్టించి సరైన అంకె వేయించండి. అంకె ఎంతన్నది దాలయ్యకి జీర్ణమైపోయింది కాబట్టి మీరే వెళ్ళి ఒక పూట కూర్చుని లెక్కపెట్టుకోవాలి. త్వరగా చేయించండి. అవతల అక్కచెల్లెళ్ళకి కూర గురించే మాటామాటా వచ్చింది, నీలమ్మ అక్క బట్టలు మూట కట్టి గుమ్మంలో పెట్టేసింది.